గోడమీది నార్మల్ మనిషి

మొన్న మా డాక్టరు నా రక్తపరీక్ష కాగితాలు ముందుకీ వెనక్కీ తిరగేసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "అన్నీ నార్మల్" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఎంత నవ్వానంటే, ఆయన అనుమానం వచ్చి మళ్ళీ రక్తపోటు చూసి, ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. పాపం, నా నవ్వుకి కారణం ఆయన కాదు. నార్మల్ అనే మాట ఎవరి నోట విన్నా, భవానీపూర్ మెస్సులో ఒకప్పుడు నా పక్కమంచం మీద పడుకున్న మనిషి నాకు గుర్తొస్తాడు. ఆ సాయంత్రమే వాల్తేరు నుంచి వచ్చిన పరిచయస్థుడొకాయన మా ఇంట్లో టీ తాగుతూ, మాటల మధ్యలో, "మీ నార్మల్‌దా పోయారటండీ, పోయిన నెల" అన్నాడు. దా అంటే బెంగాలీలో అన్న, మెస్సులో అందరం ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళం. నేను టీ కప్పు కింద పెట్టేశాను.

కలకత్తా మహానగరంలో అధికారికంగా నార్మల్ అయిన మనిషి ఆయనొక్కడే. మిగతా జనాభా అంతా ఆయనతో పోల్చి చూసుకుని, ఎంత తేడా వచ్చిందో తెలుసుకుని సిగ్గుపడవలసినవాళ్ళం. ఇది నా అతిశయోక్తి కాదు. నా అతిశయోక్తులు ఇంకా మొదలవలేదు.

ఆయన పని మనుషుల క్రోమోజోములు చూడటం. ఒక ఆస్పత్రి వెనకాల, తెల్లదొరల నాటి గుర్రపుశాలని నాలుగు గదులుగా విడగొట్టి, దానికి ప్రయోగశాల అని పేరు పెట్టారు. వానాకాలంలో ఆ గోడల్లోంచి ఇప్పటికీ గుర్రాల వాసన వచ్చేది. క్రోమోజోములంటే ఏమిటని మెస్సులో ఎవరైనా పొరపాటున అడిగితే ఆయన అన్నం కలపడం ఆపేసేవాడు. "మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ నలభై ఆరు దారప్పోగులుంటాయండి. సగం అమ్మవి, సగం నాన్నవి. ప్రతి పోగుకీ ఎక్కడో ఒకచోట నడుం ఉంటాది. కొన్నింటికి మధ్యలో, కొన్నింటికి మెడకిందే. కణం రెండుగా చీలేటప్పుడు ఆ నడుం పట్టుకునే చెరో పక్కకీ లాగుతాదండి. నడుం లేని పోగు ఎటూ కాకుండా పోతాది." ఇంత చెప్పాక, విన్నవాడి నడుం వైపు ఒకసారి చూసి, మళ్ళీ అన్నం కలుపుకునేవాడు.

ఆయన కాలేజీలో చదివే రోజుల్లో పుస్తకాల్లో మనిషికి నలభై ఎనిమిది ఉండేవట. చదువు పూర్తయి ఉద్యోగంలో చేరేసరికి, ఎక్కడో విదేశాల్లో సరిగ్గా లెక్కపెట్టి నలభై ఆరే అన్నారట. మిగతా రెండూ ఏమయ్యాయని నేనడిగాను. "రేషనండీ" అన్నాడు, నవ్వకుండా.

ప్రయోగశాల పెట్టిన కొత్తలో, రోగుల రక్తంతో పోల్చి చూడటానికి ఏ రోగమూ లేని ఒక మనిషి రక్తం కావలసి వచ్చింది. డైరెక్టరుగారు బెంగాలీ పెద్దమనిషి, సూది చూస్తే కళ్ళు తిరిగే రకం. అటెండరు యూనియన్‌కి చెబుతానన్నాడు. మావాడు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. అంతే, ఆ మడిచిన చెయ్యి పదేళ్ళపాటు దిగలేదు. ఆయన నలభై ఆరు క్రోమోజోముల ఫోటోల్నీ జతలుజతలుగా అంటించి, అద్దం బిగించి, గుమ్మానికి ఎదురుగోడ మీద వేలాడగట్టారు. దాని కింద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక చీటీ అంటించారు: నార్మల్ హ్యూమన్ మేల్. వచ్చిన ప్రతివాడి రక్తాన్నీ ఆ పటం పక్కన పెట్టి చూసి తప్పులెన్నేవాళ్ళు. ఫ్రాన్సు దేశంలో ఎక్కడో మీటరు కొలతకి మూలమైన లోహపుకడ్డీ ఒకటి భద్రంగా దాచారని చిన్నప్పుడు చదువుకున్నాం. మా భవానీపూర్లో మానవజాతికి మూలమైన కడ్డీ ఖాకీ లాగు వేసుకుని ట్రామెక్కి తిరిగేది.

ఆ పదవి ఆయన తలకెక్కింది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడు కాదు. రోడ్డు పక్క పుచ్కాలు, అదే మన పానీపూరీలు, తినేవాడు కాదు. నాకేదైనా అయితే ఊళ్ళో అందరి లెక్కలూ తారుమారవుతాయండీ, అనేవాడు. జలుబు చేసినా, ఇది మామూలు జలుబే, నార్మల్‌గా రెండ్రోజులుంటాది అని, ప్రపంచం తరఫున ప్రకటన చేసేవాడు. మెస్సులో అన్నం ఎన్నిసార్లు వడ్డించాలనే పాతతగాదా ఆయన పుణ్యమా అని తీరిపోయింది. నార్మల్‌దా ఎన్నిసార్లు పెట్టించుకుంటే అన్నిసార్లు న్యాయం, ఆపైన తిండిపోతుతనం. ఈ తీర్పు తెలిసిన దగ్గర్నుంచి ఒరియా వంట ఠాకూరు ఆయన కంచం ముందు అరగంట ముందే నిలబడి, తక్కువ తినమని బతిమాలేవాడు.

ఇంతకీ ఆయన ఆకారం చెప్పలేదు. భగవంతుడు మనిషిని తయారుచేస్తూ మధ్యలో కరెంటు పోతే ఎలా ఉంటుందో అలా ఉండేవాడు. ఒక చెవి విసనకర్రంత, రెండోది తమలపాకంత. చేతులు మోకాళ్ళు దాటి ఇంకా ఏదో వెతుక్కుంటూ ఉండేవి. నడుస్తుంటే ఎప్పుడూ ఎడమవైపుకి వంపు, ట్రాము మలుపు తిరుగుతున్నట్టు. ఈ మనిషి పటం కింద నార్మల్ అని రాయడం చూసి, వచ్చిన రోగులు సగం వ్యాధి అక్కడే నయమై ఇంటికి పోయేవాళ్ళని ప్రతీతి. ప్రతీతికి నేనే కర్తని.

పనిలో మాత్రం ఆయన్ని వేళాకోళం చెయ్యడానికి నాకే నోరొచ్చేది కాదు. రక్తంలో తెల్లకణాలు ఊరికే చీలవు, వాటిని ఉసిగొల్పడానికి రాజ్మా గింజల రసం కావాలి. విదేశం నుంచి సీసాల్లో వచ్చే సరుకు మనదాకా ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి కాబట్టి, ఆయనే భవానీపూర్ బజారుకి పోయి, గింజ గింజా ఏరి, నానబెట్టి, రుబ్బి, వడగట్టేవాడు. ఏం కూర వండుతారు దాదా, అని దుకాణదారు అడిగితే, "కూరకి కాదు, నెత్తుటికి" అని బెంగాలీలో జవాబు చెప్పాడు. మర్నాటినించి ఆ దుకాణదారు ఆయనకి తూకంలో మోసం చెయ్యడం మానేశాడు.

తరవాత ఆ పెంచిన కణాల్ని గాజుపలక మీద చుక్కగా వెయ్యాలి. ఆ చుక్క ఎంత ఎత్తునుంచి పడితే క్రోమోజోములు అంత విడివిడిగా పరుచుకుంటాయని ఆయన నమ్మకం. అందుకని బల్ల మీద స్టూలు వేసి, స్టూలు మీద నిలబడి, ఆ చేతుల్ని పూర్తి పొడుగునా చాచి, ఒంటికన్ను మూసి, నేలమీద పెట్టిన పలక మీదికి చుక్క వదిలేవాడు. ఆయన స్టూలెక్కినప్పుడు కిటికీలోంచి హౌరా స్టేషను గడియారం కనబడేదని నేను చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి చెప్పను. చుక్క సరిగ్గా పడితే, అక్కడే నిలబడి చర్చి పాటొకటి ఎత్తుకునేవాడు. రైల్వే గార్డు కొడుకు, ఇంటిల్లిపాదీ వారం వారం గుడిలో పాడిన కుటుంబం. గొంతు మాత్రం గార్డు విజిలు.

ఇక కరెంటు. డెబ్భైల మొదట్లో కలకత్తాలో కరెంటు చుట్టంలాగా వచ్చిపోయేది. రక్తపు గొట్టాలు మూడు రోజులు ఒంటి వేడిలో ఉంటేగానీ కణాలు పెరగవు. వాటిని ఉంచే కరెంటు పెట్టె చల్లారితే అంతా వృథా. అందుకని ఆయన తల్లిగారి పాత చీర అంచుతో నడుంచుట్టూ అరలు కుట్టిన పట్టీ ఒకటి తయారుచేసుకున్నాడు. కరెంటు పోగానే గొట్టాల్ని అందులో దోపుకుని, పైన చొక్కా వేసుకుని, మెస్సుకొచ్చి, భోజనం చేసి, వెల్లకిలా పడుకునేవాడు. ట్రాములో ఎవరైనా గుద్దబోతే రెండు చేతులూ పొట్టకి అడ్డంపెట్టి, "చూసుకోండి దాదా, నలుగురున్నారు" అనేవాడు. పెళ్ళికాని మనిషి. ఇలా ఎందరిని మోశాడో.

ఆదివారాలు మెస్సు మొత్తం సైన్సుకి అంకితం. ఫోటోలోని క్రోమోజోముల్ని ఒక్కొక్కటీ కత్తిరించి, పొడుగునీ నడుం ఉన్నచోటునీ బట్టి జత చేసి, కాగితం మీద అంటించాలి. ఆయన వేలికి పట్టని చిన్న గోళ్ళ కత్తెరతో ఆ పని చేస్తుంటే మేమంతా చుట్టూ కూచుని జతలు వెతికేవాళ్ళం. పెళ్ళిసంబంధాలు చూసినట్టే ఉండేది. నడుం కలిసినచోట పొడుగు కలవదు, పొడుగు కలిసినచోట నడుం కలవదు. ఒకసారి ఠాకూరు అలవాటుగా ఫ్యాను వేశాడు. ఎవరో గౌరవనీయుడైన మార్వాడీ గృహస్థు తాలూకు వై క్రోమోజోము, అన్నిటికన్నా చిన్నవాటిలో ఒకటి, గాలికి ఎగిరిపోయింది. అది లేకపోతే ఆ పెద్దమనిషి మగవాడనడానికి కాగితం మీద ఆధారం లేదు. గంటసేపు మంచాలకింద పాకాం. చివరికి ఠాకూరు మడమకి అంటుకుని, వంటింట్లో పప్పుకుండ పక్కన దొరికింది. ఆయన దాన్ని దూదితో తుడిచి, యథాస్థానంలో అంటించి, "బతికేడు" అన్నాడు.

ఇంత వైభవంగా సాగుతుండగా పైడమ్మ వచ్చింది.

పైడమ్మని తీసుకొచ్చింది వాళ్ళత్త. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఖిదిర్‌పూర్ రేవులో స్థిరపడ్డ కుటుంబం. కొడుకు రేవులో ఖలాసీ. పైడమ్మకి కడుపు మూడుసార్లు నిలబడి మూడుసార్లూ పోయింది. ఆస్పత్రి డాక్టరు నెత్తురు పరీక్ష చేయించమని రాసిచ్చాడు. లోపల తెలుగు బాబు ఉన్నాడని విని అత్తకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఆ రోజు నేను మావాడికి మధ్యాహ్నం క్యారియరు ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను.

"మా ఊర్లో ఒక పిల్లని సూసి ఉంచేను బాబూ," అంది ఆవిడ, కోడలు పక్కనే ఉందన్న సంకోచం లేకుండా. "దోసం దీనిదేనని మీరో కాయితం ముక్క ఇచ్చీసేరంటే, దీన్ని పుట్టింటికి పంపించీసి, మావోడికి ఆ పిల్లని ముడేసీస్తాను."

మొగుడి నెత్తురూ చూడాలమ్మా అని ఆయనంటే, మావాడికేటి, గుర్రంలాగున్నాడు అంది. పైడమ్మ చెయ్యి చాపింది. సూది గుచ్చినప్పుడు కూడా సూదివైపే చూస్తూ కూచుంది. అందరూ మొహం తిప్పుకునే చోట తిప్పుకోకపోవడం నాకెందుకో గుర్తుండిపోయింది. ఆ మూడు రోజులూ ఊరంతా చీకటే. పైడమ్మ నెత్తురు ఆయన నడుంపట్టీలోనే పెరిగింది.

అప్పుడే కొత్త రంగు పద్ధతి ఒకటి వచ్చింది. గాజుపలకని ముందు క్షారంలో ముంచి, వేడి ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఆపైన రంగు వేస్తే, పోగు మొత్తం పాలిపోయి, నడుం దగ్గర మాత్రం నల్లగా తేలుతుంది. అక్కడున్నది ఒకే చిన్న ముక్క, వేలసార్లు, లక్షలసార్లు, అదే పనిగా తిరిగి తిరిగి రాసి ఉంటుందట. పైడమ్మ పలక మీద ఆ రంగు వేసి చూస్తే, అన్నిటికన్నా పెద్దదైన మొదటి జతలో ఒకదాని నడుం దగ్గర నల్లముద్ద మామూలుగా ఉంది, దాని జోడుకి మాత్రం రెండింతలుంది.

డైరెక్టరుగారు సూక్ష్మదర్శిని మీంచి లేచి ఆయన్ని కౌగిలించుకున్నంత పని చేశారు. రాబోయే సైన్సు మహాసభలో చదవడానికి ఆయనకి ఒక వ్యాసం కావాలి. దొరికింది మోశాయ్, ఇదే అబ్‌నార్మల్, గర్భాలు పోవడానికి ఇదే కారణం, రిపోర్టు రాయండి అన్నారు. మోశాయ్ అంటే బెంగాలీలో అయ్యా అని. పోల్చి చూడందే ఎలా రాస్తామండీ అన్నాడు మావాడు. గోడమీది పటం పాతరంగుది. కొత్తరంగులో నార్మల్ ఎలా ఉంటుందో చూపించవద్దా? తప్పకుండా చూపించండి అన్నారు డైరెక్టరుగారు. మావాడు సగర్వంగా చొక్కా చెయ్యి మడిచాడు.

నాలుగోరోజు సాయంత్రం మెస్సుకొచ్చి, కంచం ముందు కూచుని, ఒక్కసారి కూడా అన్నం పెట్టించుకోలేదు. మెస్సంతా హడలిపోయింది. ఆయన తినకపోతే న్యాయంగా ఎవరూ తినకూడదు. గదిలోకి వెళ్ళాక అడిగాను, ఏమైందని.

"నాకూ ఉందండి," అన్నాడు.

"ఏమిటి?"

"ముద్ద. మొదటి జతలోనే. ఆ పిల్లకి ఎక్కడుందో సరిగ్గా అక్కడే."

పదేళ్ళుగా ఊరందరికీ కొలబద్దగా నిలిచిన మనిషి, తానే వంకరని తెలుసుకుని మంచంమీద కూచున్నాడు. నేను ఓదార్పుగా, పోన్లెండి, చెవుల సంగతి మాకు ముందే తెలుసుగా అన్నాను. వినలేదు.

మర్నాడు ఆ సంగతి డైరెక్టరుగారికి చెప్పాడు. దాచి మరెవరి రక్తమో చూపించి ఉండవచ్చు. ఆ ఆలోచన తనకి రాలేదని కాదు, వచ్చిందని నాతోనే చెప్పాడు. డైరెక్టరుగారు ఒక్కక్షణం ఆలోచించి ఆనందంగా భుజం తట్టారట. తప్పేముంది మోశాయ్, ఇద్దరూ అబ్‌నార్మలే, ఒక వ్యాసానికి రెండు కేసులు, అన్నారట.

ఆ మాటతో మావాడిలో గార్డు రక్తం ఎర్రజెండా ఎత్తింది. ఆ పోరాటం పైడమ్మ కాపురం కోసమా, తన పరువు కోసమా అని నన్నడిగితే, పరువుకోసమే అని ఏ కోర్టులోనైనా సాక్ష్యం చెబుతాను. కాని రెండూ ఒకే నావలో ఉన్నాయి. ఆమె తేడా అయితే తనూ తేడా. తను నార్మల్ అయితే ఆమే నార్మల్. రెండోదాన్ని రుజువు చెయ్యకుండా ఆ గుర్రపుశాలలో ఆయన తలెత్తుకు తిరగలేడు.

వాదన నేను గుమ్మంలోంచి విన్నాను. అదంతా చెత్తరాత మోశాయ్, ఒకే మాట తిరిగి తిరిగి రాసిన పిచ్చిరాత, దానికి అర్థం ఏముంటుంది అన్నారు డైరెక్టరుగారు. "చెత్తే అయితే, గుప్పెడెక్కువుంటే మనిషికి నష్టమేటండీ?" అన్నాడు మావాడు. "మా గుళ్ళో పాటకి చరణాలు ఒకళ్ళకొస్తే ఒకళ్ళకి రావు. పల్లవి దగ్గరకొచ్చేసరికి అందరం కలుస్తాం. ఆ పల్లవి పట్టుకునే పాట నిలబడతాది. ఒక ఇంట్లో అది రెండుసార్లు ఎక్కువ పాడితే ఆ ఇల్లు కూలిపోతాదేటండీ?"

డైరెక్టరుగారు బుద్ధిమంతులు. పాటల జోలికి పోలేదు. ఆ పిల్లకి గర్భాలు పోతున్నాయి, మీకు అసలు పిల్లలే లేరు, మీరు బ్రహ్మచారి, మీవల్ల ఏం రుజువవుతుంది అన్నారు. అక్కడే బెంచీ మీద కాగితం కోసం కాచుకు కూచున్న పైడమ్మ అత్తకి నేను ఆ మాటని తెలుగులో చెప్పాను. ఆవిడ మావాణ్ణి నఖశిఖపర్యంతం చూసి, చెవుల దగ్గర కాసేపు ఆగి, "అదీ నిజమే గదా" అంది.

మావాడికి గెలవడానికి ఒకే దారి మిగిలింది. సగం అమ్మది, సగం నాన్నది. ఆ ముద్ద ఎవరివైపునుంచి వచ్చింది? నాన్నవైపుదైతే, ఆయన వాల్తేరు సమాధుల తోటలో ఉన్నాడు, సూదికి అందడు. అమ్మవైపుదైతే మాత్రం బతికి ఉన్న సాక్ష్యం. ఆవిడ తొమ్మిదిమందిని కన్నది. అందరూ తిని తిరుగుతున్నారు.

వాళ్ళమ్మని రప్పించి చూసేదాకా రిపోర్టు ఆపమని ప్రాధేయపడ్డాడు. డైరెక్టరుగారు వారం ఇచ్చారు. అత్త మాత్రం, ఊళ్ళో సంబంధంవాళ్ళు ఆగరని నసిగింది. మెయిలు బండిలో వాళ్ళమ్మ హౌరాలో దిగింది. నేనూ వెళ్ళాను స్టేషనుకి. ఆవిడ దిగుతూనే ప్లాట్‌ఫారం మీద ఆరుగురు కూలీలు అటెన్షన్లో నిలబడ్డారు. గార్డుగారి భార్య అంటే అంత. కొడుకు నడుంపట్టీ విషయం చెబుతుంటే, తన పాతచీర అంచు గుర్తుపట్టి, ఇది మీ చెల్లెలు పుట్టినప్పటి చీర గదరా అంది. ఒక్క సూదిపోటుకి ఇంత దూరం రప్పించావా అని తిట్టి, చెయ్యి చాపింది.

రక్తం తీసిన గంటకే కరెంటు పోయింది. మూడు రోజులు సరిగ్గా రాలేదు. ఈసారి ఆయన ట్రామెక్కలేదు, మెట్లు దిగలేదు, దగ్గినా మెత్తగా దగ్గాడు. ఆ గొట్టాలు చల్లారితే రెండోసారి పెంచడానికి వ్యవధి లేదు. మెస్సువాళ్ళం వంతులవారీగా ఆయన్ని కాపలా కాశాం. ఠాకూరు పథ్యం వండిపెట్టాడు. కుర్చీలో కదలకుండా కూచుని చెమటలు కక్కుతున్న కొడుకుని చూసి పెద్దావిడ అన్నది:

"నేను నిన్ను తొమ్మిది నెలలు మోసేను. నువ్వు నన్ను మూడ్రోజులు మోసేసరికి మొహం అలా పీక్కుపోయిందేటిరా?"

నాలుగోరోజు ఆయన స్టూలెక్కి చుక్క వదిలాడు. పాట పాడలేదు. రంగు వేసి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని మీదికి వంగి, ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. నేను గడియారం చూస్తే మా వంశం మొత్తం గడిచిపోయినట్టుంది. పక్కన డైరెక్టరుగారు, బెంచీ మీద అత్తా, కోడలూ, పెద్దావిడ. చివరికి ఆయన తలెత్తి, లేచి, డైరెక్టరుగారికి చోటిచ్చాడు. డైరెక్టరుగారు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. మొదటి జతలో, ఒకదాని నడుం దగ్గర, రెండింతలు నల్లగా.

ఇక అక్కడినుంచి సైన్సు పని అయిపోయింది, ఆడవాళ్ళ పని మొదలైంది.

"ఆ నల్లముద్ద ఉన్నోళ్ళకి పిల్లలు పుడతారేటమ్మా?" అని అడిగింది పైడమ్మ అత్త, పెద్దావిణ్ణి.

"పుట్టడమేటమ్మా. ఆపుదామన్నా ఆగరు."

"ఎందర్ని కన్నావేటి?"

"తొమ్మండుగుర్ని. వీడు నాలుగోవాడు." పెద్దావిడ అప్పుడే గోడమీది పటం చూసింది. అది ఎవరిదని నన్నడిగింది. మీవాడిదేనండీ, దాని కింద నార్మల్ మనిషి అని రాసుంది అన్నాను. ఆవిడ కాసేపు కొడుకు మొహమూ పటమూ మార్చి మార్చి చూసింది. "మా తొమ్మండుగురిలోనూ తేడా మనిషి వీడొక్కడేనమ్మా. వెతికి వెతికి వీణ్ణే గోడకి కట్టేరేటి?"

పైడమ్మ అత్తకి నవ్వొచ్చింది. నవ్వాక ఆవిడకి కోపం తెచ్చుకోవడం కష్టమైంది. మరి మూడుసార్లు ఎందుకు పోయిందంటే, అది ఇంకా వెతకాలి అన్నాడు మావాడు, ఈ ముద్దవల్లని మాత్రం నేను రాయలేనమ్మా, ముందు నీ కొడుకుని పంపించు. డైరెక్టరుగారు చాలాసేపు కలం పట్టుకుని, చివరికి పైడమ్మ రిపోర్టులో, ఇది నార్మల్‌లోనే ఒక రకం అని రాసి సంతకం పెట్టారు. మహాసభలో ఆయన ఆ సంవత్సరం ఏమీ చదవలేదు.

అందరూ లేచారు. పైడమ్మ లేవలేదు. అన్నాళ్ళలోనూ ఆ పిల్ల గొంతు నేను అప్పుడే విన్నాను.

"ఓపాలి నాకూ సూపండి బాబూ."

ఆయన తడబడ్డాడు. పదేళ్ళలో ఎందరి నెత్తురో చూశాడు కాని, ఎవరిది వాళ్ళకి చూపించిన పాపాన పోలేదు. పైడమ్మ పలక వెతికి పెట్టి, స్టూలు జరిపి, కన్ను ఎక్కడ ఆనించాలో చెప్పాడు. ఆమె రెండు చేతులూ బల్లమీద పెట్టి, ఊపిరి బిగబట్టి చూసింది.

"దిష్టి సుక్కలాగున్నాది," అంది.

మావాడు ఆమె లేచిన స్టూలు మీద కూచుని, తనూ మరోసారి వంగి చూశాడు.

పైడమ్మ పుట్టింటికి పోలేదు. ఆమె మొగుణ్ణి ఆ వారమే పట్టుకొచ్చారు. గుర్రంలాంటి ఆ ఖలాసీ సూది చూసి, ఆ పాత గుర్రపుశాలలోంచి రేవుదాకా ఆగకుండా పరిగెత్తాడు. అతని క్రోమోజోములు నేటికీ రహస్యమే. కాని అత్తగారు ఊరుకుంటుందా? ఆ నల్లముద్ద ఉన్న పెద్దావిడ తొమ్మండుగుర్ని కన్నదన్న వార్త ఖిదిర్‌పూర్ అంతటా పాకింది. నెల తిరక్కుండా, పెళ్ళి కుదరబోయే పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లులు బారులు తీరారు. మా పిల్లకి ఆ ముద్ద ఉందో లేదో చూసి సెప్పండి బాబూ, ఉందంటే మొగపిల్లాడోళ్ళు ఒప్పుకుంటారు అనేవాళ్ళు. లేకపోయినా ఫరవాలేదమ్మా, అది ఊరికే ఉంటాది, ఉండకపోతే లేకపోతాది అని ఆయన ఎంత మొత్తుకున్నా వినేవాళ్ళు లేరు. లేనివాళ్ళు ఏడుస్తూ పోయేవాళ్ళు. ఒకావిడ, ఉన్నదాంట్లోంచి కాస్త తీసి మా పిల్లకి పెట్టకూడదా అని అడిగిందని నేను చెబుతుంటాను. అది మాత్రం నేను కల్పించలేదు.

కొన్నేళ్ళకి పైడమ్మ నాకు ఖిదిర్‌పూర్ బజార్లో కనబడింది. చంకలో పిల్లాడున్నాడు, బుగ్గమీద కాటుక చుక్క. సొంత బిడ్డో, పక్కింటివాడో. నేను అడగలేదు. అడగకూడని విషయాలు అడిగి ప్రసిద్ధికెక్కిన నేను, ఆ ఒక్కటీ అడగలేదు. ఆమె మాత్రం, నార్మల్ బాబు బాగున్నారా అని అడిగింది.

పటం సంగతి చెప్పాలి. ఆ వ్యవహారమంతా ముగిసిన మర్నాడు దాన్ని దింపేయమన్నారు డైరెక్టరుగారు. మావాడు దింపాడు. మెస్సుకి తెచ్చి, మంచంమీద పెట్టి, అద్దం తీసి, గోళ్ళ కత్తెర అందుకున్నాడు. నలభై ఆరింటినీ ముక్కలు చేస్తాడేమోనని నాకు భయమేసింది. వాటి జోలికి పోలేదు. కింద అంటించిన చీటీలో మొదటి మాటని మాత్రం చుట్టూ జాగ్రత్తగా కత్తిరించి, ఊడదీసి, మిగిలినదానికి మళ్ళీ అద్దం బిగించాడు. మర్నాడు అదే మేకుకి అదే పటం వేలాడింది. కింద, హ్యూమన్ మేల్, అంతే. డైరెక్టరుగారు చూసి, తన గదిలోకి పోయారు. పోల్చి చూడటానికి ఆ తరవాత నుంచి ఒకడి రక్తం కాదు, పదిమందిది తీసేవాళ్ళు. మెస్సులో మళ్ళీ అన్నం దగ్గర తగాదాలు మొదలయ్యాయి.

కత్తిరించిన ముక్కని ఆయన పారెయ్యబోతుంటే నేను అడిగి పుచ్చుకున్నాను. నా పర్సులో ఇప్పటికీ ఉంది, పచ్చబడి, అంచులు చిరిగి, ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరికైనా అంటిద్దామని చాలామందిని పరిశీలించాను. మా ఆవిడ, మా ఆఫీసరు, మంత్రులు, సన్యాసులు, ఆఖరికి మొన్నటి డాక్టరు. ఎవరికీ అతకలేదు. నిన్న రాత్రి తీసి చూసుకుంటే, వెనకవైపు జిగురు ఇంకా కొంచెం అంటుకుంటోంది. ఎప్పటికైనా వాల్తేరు వెళ్ళి, ఆ సమాధి రాయి మీద అతికించి రావాలని ఉంది. ఆయన్ని వాళ్ళమ్మ పక్కనే పడుకోబెట్టారట. చూస్తే ఆవిడ ఒప్పుకోదు.